గోడమీది స్విచ్చి, చేతిలోని ఫోను

(నర్సీపట్నమున గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నర్సీపట్నము మన్యమునకు వాకిలి వంటిది. ఇచ్చటినుండి చింతపల్లి మీదుగా సీలేరునకు పోవు కొండబాట మీరెరుగనిది కాదు. మన ఇండ్లలో వెలుగుచున్న కరెంటుకును ఆ కొండలకును చుట్టరికమున్నది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పనిచేయ మొదలిడెను. తరువాత సీలేరు నీటిపై కేంద్రములు వెలసెను. ఆ దినములలో పల్లెకు కరెంటు వచ్చుటయే పండుగ. గోడమీద ఒక చెక్కపలక, దానిపై గుండ్రని నల్లని స్విచ్చి, దూలమునుండి వ్రేలాడు ఒక దీపము. ఇంటిలోని కరెంటు సామానంతయు అంతియే. ఆ స్విచ్చిని గూర్చి ఎవరును ప్రసంగించి యెరుగరు. క్రిందికి నొక్కిన దీపము వెలుగును, పైకెత్తిన ఆరును. ఈ సంగతి పసివానికిని తెలియును, పండు ముదుసలికిని తెలియును.

నేడు అదే స్విచ్చిని గూర్చి మీ యెదుట గంటసేపు మాటాడవలసి వచ్చినది. ఏలయన, ఫోనులో వ్రేలు తాకించిన చాలును, ఇంటిలో ఫ్యాను తిరుగును అను స్విచ్చులు ఇప్పుడు మన అంగళ్ళలోనికి వచ్చినవి. నోటితో చెప్పిన దీపము వెలుగునట్టివి గలవు. ఫలానా వేళకు తమంతట తామే ఆగిపోవునట్టివియు గలవు. విశాఖపట్నములోనో, హైదరాబాదులోనో ఉద్యోగము చేయు కుమారుడు పండుగకు వచ్చుచు తల్లిదండ్రుల కొరకు ఒక పెట్టె తెచ్చును. దానిని బిగించుటకు వీధిలోని కరెంటు పనివానిని పిలుతురు. బిగించిన తరువాత ఏదో ఒక చిక్కు వచ్చును. అప్పుడు మీ వద్దకు వచ్చి, “మెంబరుగారూ, ఇది మంచిదేనా? కొనవచ్చునా?” అని అడుగుదురు. ఆ ప్రశ్నకు మీరు చెప్పదగిన జవాబే నేటి నా ప్రసంగము.

జవాబు మూడు మాటలలో చెప్పుదును: ముందు సామాను చూడుడు, తరువాత తీగ చూడుడు, చివర ఫోను చూడుడు. మన వారిలో పెక్కుమంది ఈ వరుసను తలక్రిందులు చేయుచున్నారు. ఫోనులో కనబడు రంగుల బొమ్మను చూచి కొందురు; తీగ సంగతి బిగించునాడు తెలియును; సామాను సంగతి కాలిన వాసన వచ్చిననాడు తెలియును.

స్విచ్చి లోపల ఏమున్నది?

పాత స్విచ్చిలో రెండు లోహపు ముక్కలు, ఒక స్ప్రింగు ఉండును. మన వ్రేలే వానిని కలుపును, విడదీయును. కొత్త స్విచ్చిలోను కలుపుటకు, విడదీయుటకు లోహపు ముక్కలే గలవు. అయితే వ్రేలికి బదులు ఒక చిన్న అయస్కాంతపు తీగచుట్ట ఆ పని చేయును. దీనిని రిలే అందురు. ఆ రిలేకు ఆజ్ఞనిచ్చుటకు ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలక రేయింబవళ్ళు మేలుకొని యుండును. ఇంటిలోని వైఫై ద్వారా ఫోనునుండి వచ్చు మాటను అది వినును.

ఇవి మూడు రూపములలో దొరకును. మొదటిది, పాత బోర్డును తీసివేసి దాని స్థానమున పెట్టు అద్దపు బోర్డు. వ్రేలు తాకించిన చాలును. రెండవది, ఉన్న బోర్డును అట్లే ఉంచి దాని వెనుక దాచి పెట్టు అగ్గిపెట్టె యంత పరికరము. గోడమీది పాత స్విచ్చులును పనిచేయుచుండును. మూడవది, ప్లగ్గులో గ్రుచ్చి దానిలో మరల సామాను ప్లగ్గును గ్రుచ్చునది. దీనికి పనివానితో పనిలేదు.

రేయింబవళ్ళు మేలుకొని యుండు పలకకును కొంత కరెంటు కావలెను. ఒక వాటు చొప్పున ఏడాది పొడుగున వాడినను 8.76 యూనిట్లగును. ఇంటిలో అట్టివి నాలుగున్నచో సుమారు 35 యూనిట్లు. ఇది పెద్ద మొత్తము కాదు. కాని “ఈ స్విచ్చి పెట్టిన కరెంటు బిల్లు సగమగును” అని చెప్పు వర్తకుడు ఈ లెక్క చెప్పడు. కనుక మనము తెలిసికొని యుండవలెను.

మా ఇంటిలో జరిగినది

ఒక సంగతి మనవి చేసెదను. విద్యుత్తు పనిలో ఏండ్లు గడిపినవాడను నేను. నాకు తెలియని స్విచ్చి యున్నదా యను గర్వముతో, మా తల్లిగారి గదిలోని పాత బోర్డు తీసివేసి అద్దపు బోర్డు పెట్టితిని. ఆమెకు చూపు మందము. పాత స్విచ్చిని తడిమి, పైనుండి మూడవది ఫ్యాను అని గుర్తుపట్టెడిది. అద్దముపై తడుముటకు ఏమియు లేదు. ఎచ్చట వ్రేలు పెట్టినను ఏదో ఒకటి వెలుగును, ఏదో ఒకటి ఆరును. “నీకెందుకమ్మా, ఫోనులో నేను వేసెదను” అంటిని.

వైశాఖమాసపు ఒక మధ్యాహ్నము నేను పనిమీద పొరుగూరు పోయితిని. ఇంటిలో నెట్టు ఆగిపోయినది. నేను అక్కడినుండి ఫోనులో ఎన్ని మారులు తాకినను ఇచ్చట ఫ్యాను తిరుగలేదు. ఆమెయు అద్దమును తడిమి తడిమి ఊరకున్నది. సాయంకాలము నేను వచ్చునప్పటికి తడిగుడ్డ తలపై వేసికొని గుమ్మములో కూర్చున్నది. కరెంటు ఉన్నది, ఫ్యాను బాగున్నది, గాలి మాత్రము లేదు. నన్ను ఒక్క మాటయు అనలేదు. “ఆ పాతది ఉన్నదా, పారవేసితివా?” అని మాత్రము అడిగినది.

మరునాడే పాత స్విచ్చులు తిరిగి బిగించి, ఆ పరికరమును వాని వెనుక పెట్టితిని. ఇప్పుడు ఆమె చేతికి ఆమె స్విచ్చి ఉన్నది, నా చేతికి నా ఫోను ఉన్నది. ఒకటి చెడినను రెండవది ఆగదు.

అందుచేత మొదటి నియమము ఇది: నెట్టు లేకున్నను, ఫోను లేకున్నను, ఇంటిలోని అందరికన్న పెద్దవారును అందరికన్న చిన్నవారును గోడమీద చేయి వేసి ఫ్యాను వేసికొనగలుగవలెను. అట్లు వీలులేని స్విచ్చిని ఉచితముగా ఇచ్చినను పుచ్చుకొనరాదు.

ఫ్యాను సంగతి

ఫ్యానును త్రిప్పుట, ఆపుట మాత్రమే కాదు; వేగము తగ్గించుట, హెచ్చించుట కూడ కావలెను. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

వెనుకటి రోజులలో ఇటుకంత రెగ్యులేటరు గోడపై ఉండెడిది. దానిలో తీగచుట్టలు ఉండెడివి. ఫ్యానును మెల్లగా త్రిప్పినపుడు మిగిలిన కరెంటు ఆ చుట్టలలో వేడిగా పోయెడిది. చేయి పెట్టి చూచిన వెచ్చగా తగిలెడిది. కనుక ఫ్యాను వేగము తగ్గించినను బిల్లు తగ్గవలసినంత తగ్గెడిది కాదు. తరువాత చిన్న గుండ్రని ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు వచ్చినది. ఇందు వేడి తక్కువ. కాని తక్కువ వేగమున ఫ్యాను ‘గుయ్’ మని మూలుగును. ఆపైన కెపాసిటర్లతో పనిచేయు మెట్ల రెగ్యులేటరు వచ్చినది. నాలుగైదు మెట్లుండును, మూలుగు ఉండదు, వేడియు స్వల్పము.

కొత్త స్విచ్చులలోను ఈ రెండు జాతులు గలవు. కొన్నిటిలో దీపపు వెలుగును తగ్గించు ఏర్పాటునే ఫ్యానుకును అంటగట్టుదురు. అది ఫ్యానుకు తగదు. అంగడిలో, “ఇందు ఫ్యాను వేగము మెట్లు మెట్లుగా మారునా? కెపాసిటర్లతో పనిచేయునా?” అని అడుగుడు. తెలియదనినచో వేరొకటి చూడుడు. మరియొక మాట. కొత్త స్విచ్చిలో వేగము మార్చు ఏర్పాటున్నపుడు గోడమీది పాత రెగ్యులేటరును ఆ దారినుండి తప్పింపవలెను. ఒక బండికి ఇద్దరు తోలువారున్నట్లు, ఒకే ఫ్యానుకు రెండు రెగ్యులేటర్లు ఉండరాదు.

బి.ఎల్.డి.సి. ఫ్యాన్ల సంగతి వేరు. వీనిలో మోటారును నడుపు ఎలక్ట్రానిక్ పలక ఫ్యానులోనే యుండును. వేగము మార్చుటకు చేతిలో పట్టుకొను రిమోటు ఇత్తురు. వీనికి రెగ్యులేటరు ఏ జాతిదైనను తగిలింపరాదు. నిండు ఓల్టేజి నేరుగా అందవలెను. అట్టి ఫ్యానుకు స్విచ్చి కొన్నచో కేవలము వేయుటకు, ఆపుటకు పనికివచ్చునది కొనుడు. వేగమును రిమోటుకు వదలుడు. ఈ సంగతి తెలియక రెగ్యులేటరు దారిలో బిగించి, మంచి ఫ్యానును పాడుచేసికొనువారు గలరు.

ఇప్పుడు డబ్బు లెక్క చూతము. 1200 మిల్లీమీటర్ల మామూలు సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసికొనును. అదే కొలత గల బి.ఎల్.డి.సి. ఫ్యాను సుమారు 30 వాట్లతో తిరుగును. దినమునకు పది గంటల చొప్పున 300 దినములు వాడినచో మొదటిది 225 యూనిట్లు, రెండవది 90 యూనిట్లు తినును. అనగా ఒక్క ఫ్యానుకు ఏటా 135 యూనిట్ల ఆదా. ఇక పాత ఫ్యానునే ఉంచి కొత్త స్విచ్చి పెట్టితిమనుకొనుడు. మరచిపోయి ఊరక తిరుగు కాలము దినమునకు రెండు గంటలని వేసికొన్నను, ఏటా మిగులునది 45 యూనిట్లు. అందులో స్విచ్చి తాను తినునది తీసివేయవలెను. కనుక ఆదా కావలసినవారు ముందు ఫ్యాను మార్చవలెను. సౌకర్యము కావలసినవారు స్విచ్చి మార్చవలెను. ఈ రెండిటిని కలిపి వర్తకుడు చెప్పినను మీరు విడదీసి వినవలెను. సీలింగు ఫ్యాన్లపై నక్షత్రముల ముద్ర 2023 జనవరి 1 నుండి తప్పనిసరి యైనది. నక్షత్రములు ఎన్ని హెచ్చుగా నున్న కరెంటు అంత తక్కువ.

ఫ్యాను మెల్లగా తిరుగుచున్నదని స్విచ్చి మార్చువారును గలరు. మామూలు ఫ్యానులో ఒక చిన్న కెపాసిటరు ఉండును. అది బలహీనపడినను, సాయంకాలము ఊరిలో ఓల్టేజి పడిపోయినను ఫ్యాను నీరసించును. ముందు ఆ రెండును చూపించుకొని తరువాత స్విచ్చి మాట తలపెట్టుడు.

బరువు గల సామానులు

మన ఇంటికి వచ్చు కరెంటు 230 ఓల్టులది. దీనిని ఆంపియర్లతో హెచ్చవేసిన వాట్లు వచ్చును. 6 ఆంపియర్ల ప్లగ్గు సుమారు 1380 వాట్లు మోయగలదు. 10 ఆంపియర్లది 2300. 16 ఆంపియర్లది 3680. ఈ మూడు సంఖ్యలను మీ పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించినను తప్పులేదు.

ఫ్యాను, దీపము, టీవీ తేలిక సామానులు. ఏ స్విచ్చియైనను వానిని మోయును. ఇస్త్రీపెట్టె, కరెంటు పొయ్యి, గీజరు, ఏ.సి. బరువు సామానులు. ఇవి స్విచ్చిని పరీక్షించును.

నా రెండవ తప్పును ఇచ్చట చెప్పవలెను. లంబసింగి చలి మీకు తెలియును. ఆ గాలి ఇటు మళ్ళిన దినములలో మన వాకిళ్ళలోను వేడినీళ్ళ అవసరము హెచ్చును. తెల్లవారునప్పటికి నీళ్ళు కాగి యుండవలెనని, 3000 వాట్ల గీజరుకు 10 ఆంపియర్ల ప్లగ్గు పరికరమును తగిలించితిని. 3000 వాట్లనగా 13 ఆంపియర్లు. “అరగంటసేపే కదా” అనుకొంటిని. కొన్ని దినములు బాగుగనే పనిచేసినది. ఒకనాడు ఉదయము ఫోనులో ఆపితిని. ఆగినట్లే ఫోను చూపెను. కాని గీజరు ఆగలేదు. లోపలి రిలే ముక్కలు వేడికి ఒకదానికొకటి అతుకుకొనిపోయినవి. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చి చూడగా పరికరము గోధుమరంగునకు తిరిగియున్నది. మెయిను ఆపి దానిని ఊడదీసితిమి.

దీనినుండి నేర్వవలసిన పాఠము లిఖించుకొనుడు. ఫోను చెప్పునది తాను ఇచ్చిన ఆజ్ఞను గూర్చి. జరిగిన పనిని గూర్చి కాదు. గీజరుకును, ఏ.సి.కిని 16 ఆంపియర్ల పరికరమే వాడవలెను. దానికి పోవు తీగయు తగినంత లావుండవలెను. దీపములకు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, పవరు ప్లగ్గులకు 2.5, గీజరు ఏ.సి.లకు 4 వాడుట మంచి పద్ధతి. పలుచని తీగపై బరువు స్విచ్చి పెట్టుట, గోచీపై కోటు తొడుగుట వంటిది.

బోరు మోటారు మరియొక జాతి. ఒక అశ్వశక్తి యనగా 746 వాట్లే. కాని మోటారు కదలునపుడు ఒక్క క్షణము ఐదారు రెట్ల కరెంటు లాగును. ఆ దెబ్బకు చిన్న రిలే నిలువదు. మోటారుకు స్టార్టరు ఉండవలసినదే. ఫోనుతో నడపవలెనన్నచో, ఆ పని కొరకే చేసిన స్టార్టరును కొనుడు. నీరు అడుగంటినపుడు మోటారును ఆపు ఏర్పాటు అందున్నదో లేదో చూడుడు.

ఇస్త్రీపెట్టెను, కరెంటు పొయ్యిని దూరమునుండి వేయు ఏర్పాటు వలదు. అవి యెదుట మనిషి యున్నపుడే వేడెక్కవలెను.

బోర్డు వెనుక చూడుడు

కొత్త స్విచ్చి కొనుటకు ముందు, నేర్చిన పనివానిచేత మెయిను ఆపించి, బోర్డు విప్పించి మూడు సంగతులు చూపించుకొనుడు.

ఒకటి, న్యూట్రలు తీగ. స్విచ్చిలోని పలక మేలుకొని యుండుటకు ఫేజుతోపాటు న్యూట్రలును కావలెను. మన పాత ఇండ్లలో కొన్ని బోర్డులకు ఫేజు మాత్రమే దింపియుందురు. ప్లగ్గు ఉన్న బోర్డులో సాధారణముగా న్యూట్రలుండును. న్యూట్రలు లేకున్నను పనిచేయునట్టి స్విచ్చులు గలవు. కాని అవి దీపము గుండానే కొద్ది కరెంటును రాబట్టుకొనును. అందువలన ఎల్.ఇ.డి. దీపము ఆర్పిన తరువాతను మిణుకుమిణుకుమనును. దయ్యము పట్టినదని భయపడ పనిలేదు; న్యూట్రలు లేదని తెలిసికొనిన చాలును.

రెండు, స్విచ్చి ఫేజును విడదీయుచున్నదా, న్యూట్రలునా? న్యూట్రలును విడదీసినచో దీపము ఆరును గాని హోల్డరులో ప్రాణము తీయు కరెంటు ఉండనే యుండును. ఈ తప్పు పాత స్విచ్చిలోనిదైనను కొత్త స్విచ్చి బిగించునాడే సరిచేయవలెను.

మూడు, ఎర్తు. ఉప్పు, బొగ్గు వేసి పాతిన ఎర్తు గుంత మన పెరళ్ళలో ఉన్నది. వేసవిలో దానిలో నీరు పోయువారెందరు? దీనితోపాటు మెయిను వద్ద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అను పరికరమును పెట్టించుడు. పోయిన కరెంటు తిరిగి రానిచో, అనగా మనిషి గుండానో, తడిగోడ గుండానో నేలకు జారినచో, అది కన్నుమూసి తెరచునంతలో కరెంటును తెంచును. ఎం.సి.బి. తీగను కాపాడును, ఆర్.సి.సి.బి. మనిషిని కాపాడును. నా మాట విని కొత్త స్విచ్చి కొనుట మానివేసి, ఆ డబ్బుతో దీనిని కొన్నవారున్నచో నా ప్రసంగము సార్థకమైనట్లే.

ముద్ర చూచి కొనుడు. గోడ స్విచ్చులకు ఐ.ఎస్. 3854, ప్లగ్గులకు సాకెట్లకు ఐ.ఎస్. 1293, సీలింగు ఫ్యాన్లకు ఐ.ఎస్. 374 అను భారత ప్రమాణములు గలవు. ఐ.ఎస్.ఐ. ముద్ర క్రింద సి.ఎం./ఎల్. అను అక్షరములతో లైసెన్సు సంఖ్య యుండును. బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను యాప్‌లో ఆ సంఖ్య వేసి నిజమో, నకిలీయో పరీక్షింపవచ్చును. ఫోను ఇట్టి పనికి మిక్కిలి మంచిది.

కరెంటు పోయి వచ్చినపుడు

మన ప్రాంతమునకు గాలివానలు కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినపుడు స్తంభములు కూలి, ఊళ్ళు దినముల తరబడి చీకటిలో నుండుట మీకు జ్ఞాపకమున్నది. చిన్న గాలికే కరెంటు పోవుట, వచ్చుట మనకు నిత్యకృత్యము. పాత స్విచ్చి కరెంటు వచ్చిన తరువాత ఉన్నచోటనే యుండును. కొత్త స్విచ్చి ఏమి చేయును? కొన్ని ఆగియే యుండును. కొన్ని వెనుకటి స్థితికి వచ్చును. కొన్ని అన్నిటిని వేసివేయును. ఈ మూడవ జాతి ప్రమాదకరము. మనుష్యులు లేని ఇంటిలో అర్ధరాత్రి గీజరు వేడెక్కవచ్చును. కొనునపుడే, “కరెంటు వచ్చినపుడు ఇది ఏ స్థితిలో నుండును? మనము మార్చుకొన వీలున్నదా?” అని అడుగుడు. ఫ్యానుకు వెనుకటి స్థితియు, బరువు సామానులకు ఆగిన స్థితియు ఏర్పరచుకొనుడు.

అంతకన్న ముఖ్యమైన మాట ఒకటి గలదు. ఫ్యాను రెక్కలు తుడుచుటకో, దీపము మార్చుటకో నిచ్చెన ఎక్కునపుడు ఈ స్విచ్చిని ఆపితిమని నమ్మరాదు. హైదరాబాదులోని కుమారుడు తన ఫోనులో వ్రేలు తాకింపవచ్చును. ఏర్పరచిన వేళకు అది తానే తిరుగవచ్చును. మెయిను దింపి, దింపినట్లు ఇంటివారికి చెప్పి, అటుతరువాతనే నిచ్చెనపై కాలు మోపుడు.

నెట్టు, గుట్టు

ఈ స్విచ్చులలో పెక్కింటికి మన ఆజ్ఞ మొదట దూరపు కంప్యూటరునకు పోయి, అచ్చటినుండి మన ఇంటికి తిరిగి వచ్చును. మనకును మన ఫ్యానుకును నడుమ ఆ కంపెనీ యున్నదన్నమాట. కంపెనీ ఆ సేవను మూసివేసిన నాడు ఫోను పని ఆగిపోవును. కనుక నెట్టు లేకున్నను ఇంటిలోని వైఫైతోనే నడచునట్టిది మేలు. వివిధ కంపెనీల పరికరములు ఒకే భాష మాటాడుటకై 2022లో మ్యాటర్ అను ఉమ్మడి పద్ధతి వెలువడినది. ఆ గుర్తు గలది కొన్నచో ఒకే కంపెనీకి కట్టుబడి యుండ నక్కరలేదు. ఈ స్విచ్చులలో ఎక్కువ భాగము 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫైతోనే కలియును. మందపు మట్టిగోడల వెనుక అది అందునో లేదో, బిగించుటకు ముందు ఫోనుతో ఆ చోట నిలిచి చూడుడు.

సంకేతపదమును పనివానికి వదలిపెట్టరాదు. బిగించిన దినముననే మార్చుకొనుడు. ఏ ఇంటిలో ఏ దీపము ఎన్ని గంటలకు ఆరునో తెలిసినవానికి, ఆ ఇంటివారు ఊరిలో ఉన్నారో లేదో తెలియును. నోటితో చెప్పి నడపు పరికరము కొనదలచినవారు, అది మన తెలుగు మాటను గ్రహించునో లేదో అంగడిలోనే పలికి పరీక్షింపుడు.

పంచాయతీ చేయదగిన పని

“ఇంతకును ఇది మాకేల?” అని మీరు అడుగవచ్చును. మూడు పనులు మీ చేతిలో ఉన్నవి.

మొదటిది, అవసరము గుర్తించుట. మంచము దిగలేని రోగికి, కాళ్ళు చేతులు సరిగా ఆడనివారికి, రాత్రి ఒంటరిగా లేచు వృద్ధులకు ఈ స్విచ్చి విలాసము కాదు, ఊతకర్ర. అట్టివారి ఇంటిలో ముందు పెట్టదగినది ఇది. అయితే అచ్చటను చవుకైన ఉపాయమున్నదేమో చూడుడు. మెట్ల దీపమునకు క్రింద ఒకటి, మీద ఒకటి పెట్టు టూ-వే స్విచ్చులు మీకు తెలియును. వానినే గుమ్మము వద్ద ఒకటి, మంచము ప్రక్కన ఒకటి పెట్టినచో పెక్కుమంది అవసరము తీరును. దానికి నెట్టు వలదు, సంకేతపదము వలదు. ఫ్యానుకైనచో రిమోటు గల బి.ఎల్.డి.సి. ఫ్యాను ఒక్కటే చాలును.

రెండవది, వీధి దీపములు. మీ ఊరిలో 20 వాట్ల దీపములు నూరు ఉన్నవనుకొనుడు. తెల్లవారిన తరువాత రెండు గంటలు ఊరక వెలిగినచో దినమునకు 4 యూనిట్లు, ఏటా 1460 యూనిట్లు ఎండపాలగును. వేళను బట్టియో, వెలుతురును బట్టియో తానే ఆపు స్విచ్చి ఇచ్చట నిజముగా ఆదా చేయును. దానికిని చేతితో నడపు వీలు ఉండవలెను. పంచాయతీ తరపున కొనునపుడు ఎన్ని ఆంపియర్లు, ఏ ప్రమాణపు ముద్ర, ఎన్నేండ్ల హామీ, చెడిన ఎవరు బాగుచేయుదురు అను నాలుగు సంగతులు కాగితముపై ముందుగా వ్రాయించుకొనుడు.

మూడవది, చెప్పుట. కరెంటును గూర్చి ఒక్క గ్రామసభలో అరగంట కేటాయింపుడు. మీ ప్రాంతపు లైన్‌మన్‌ను పిలిచి ఎర్తును గూర్చియు, ఆర్.సి.సి.బి.ని గూర్చియు చెప్పింపుడు. వీధి తీగ తెగినను, స్తంభము వాలినను ఎవరును దగ్గరకు పోరాదనియు, 1912 సంఖ్యకు ఫోను చేయవలెననియు పిల్లలకు సైతము కంఠస్థము చేయింపుడు.

ఇక మీ ఊరివారు వచ్చి, “మెంబరుగారూ, ఈ స్విచ్చి కొనవచ్చునా?” అని అడిగిన నాడు, మీరు తిరిగి ఐదు ప్రశ్నలు అడుగుడు. ఏ సామానునకు, అది ఎన్ని వాట్లు? బోర్డులో న్యూట్రలు, ఇంటికి ఎర్తు ఉన్నవా? నెట్టు పోయిన గోడమీద చేతితో నడచునా? కరెంటు పోయి వచ్చిన ఏ స్థితిలో నుండును? ఇంటిలో దీనితో ఎక్కువ పని ఎవరికి, వారు దీనిని వాడగలరా? ఐదింటికిని సరియైన జవాబు వచ్చినచో నిస్సందేహముగా కొనుమనుడు. ఒక్కటి తప్పినను, కొంచెము ఆగుమనుడు.

కొత్త వస్తువును చూచి వెనుదీయుట మన ధర్మము కాదు. కొండలలోని నీటిని దీపముగా మార్చుకొన్న కాలమునుండి మన ఊళ్ళు ముందుకే నడచుచున్నవి. కాని ఇంటిలోనికి వచ్చు ప్రతి యంత్రమును ఒక మాట అడుగవలెను: నీవు మా ముసలి తల్లి చేతిలోని అధికారమును పెంచుటకు వచ్చితివా, లాగికొనుటకు వచ్చితివా? ఆ వైశాఖ మధ్యాహ్నము మా గుమ్మములో తడిగుడ్డతో కూర్చున్న ఆమె నాకు నేర్పిన ప్రశ్న ఇది. దానిని మీకు అప్పగించి సెలవు తీసికొనుచున్నాను.